సింధనూరు బస్సు

సంక్రాంతికి నాలుగు రోజులుందనగా నాన్న బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవాడు. సింధనూరు బస్టాండుకు వెళ్లి చుట్టాలను తీసుకురావాలి. భీమవరంలో బయల్దేరినవాళ్లు గుంటూరులో మీటర్ గేజి రైలు మారి, గుంతకల్లు, బళ్లారి దాటి, సిరుగుప్ప మీదుగా బస్సులో వచ్చిపడేసరికి ఒళ్లు హూనమయ్యేది. అమ్మమ్మ దిగీదిగగానే నడుం పట్టుకుని, "ఇదేం దేశమే తల్లీ, దారిలో ఒక్క కొబ్బరిచెట్టు లేదు!" అనేది. ఏటా అదే మాట. మామయ్య ఒకసారి బుట్టలో పందెం పుంజును పెట్టుకుని అంత దూరమూ తెచ్చాడు. అది దారంతా నోరు మెదపక, గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద అర్ధరాత్రి కూసిందట.

మాది ఊరు కాదు, క్యాంపు. ముందొచ్చి పాక వేసుకున్న ఆసామి పేరే దానికీ పెట్టారు. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం పూర్తయి, ఎడమ కాలవ కింద నీళ్లు అందుతున్నాయని తెలిశాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు గంగావతికీ సింధనూరుకూ మాన్వికీ కదిలారు. నాన్న అక్కడ ఎకరంన్నర అమ్మి ఇక్కడ ఎనిమిదెకరాలు కొన్నాడు. నల్లరేగడి. వాన పడితే బండి ఇరుసు దాకా దిగిపోయేది, చెప్పులు చేతిలో పట్టుకుని బడికి వెళ్లేవాళ్లం. తాగేది కాలవ నీళ్లే. అమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసి తేటపరిచేది.

ఆ నేలలో అంతకుముందు జొన్న, పత్తి వాన మీదే పండేవి. మాకు పొలం అమ్మిన పెద్దాయన మా కోతలకే కూలికి వచ్చేవాడు. నాన్న ఆయన్ని "గౌడ్రే" అని మర్యాదగానే పిలిచేవాడు. మధ్యాహ్నం ఆయన మా గట్టు మీది వేపచెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె తినేవాడు. ఆ చెట్టు వాళ్ల తాత నాటిందని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అప్పుడు నాకందులో వింతేమీ కనిపించలేదు. ఇంకో సంగతీ ఉంది. ఆ కాలవను ఎక్కువగా మెట్టపైర్ల కోసం, నీళ్లు పలచగా ఎక్కువ నేలకు పారేలా తలపెట్టారు. పైనున్న మేమంతా వరి వేసుకుంటే రాయచూరు వైపు చివరి భూములకు నీళ్లు అందేవి కావు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తేవారు కాదు, ఇప్పటికీ ఎత్తరు.

చుట్టాలు దిగితే ఇల్లంతా పూతరేకులూ తాటిబెల్లమూ వాసనే. పెద్దవాళ్లు పందిట్లో పడుకుని తెల్లవార్లూ ఊరి కబుర్లు చెప్పుకునేవారు. ఎవరి చెరువు ఎవరు కొన్నారు, ఎవరి పిల్ల ఎవరింటికి వెళ్లింది, అంతా అక్కడి లెక్కే. మాకు ఆ పేర్లలో సగం తెలియవు. నేనోసారి మామయ్య కొడుకుని "ఊట అయిందా?" అని అడిగాను. "ఎక్కడరా ఊట, నుయ్యేది?" అని వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కన్నడంలో ఊట అంటే భోజనమని నేను చెప్పేలోగానే ఆ మాట ఇల్లంతా తిరిగొచ్చింది. ఆ పండగ వెళ్లేదాకా నా పేరు ఊట. అమ్మానాన్నలకు వాళ్లు అయినవాళ్లు. మాకు మాత్రం, నిజం చెప్పాలంటే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు.

1974 సంక్రాంతికి అమ్మమ్మకు చేపల పులుసు మీద మనసు పోయింది. మా దగ్గర చేపలంటే ఆర్.హెచ్. క్యాంపుల బెంగాలీలే. తూర్పు పాకిస్థాన్ నుంచి కాందిశీకులుగా వస్తే ప్రభుత్వం సింధనూరు పక్కన స్థలాలిచ్చింది. వాళ్లలో ఒకతను సైకిలు మీద బుట్ట కట్టుకుని వచ్చేవాడు. కన్నడం మా నాన్న కంటే బాగా మాట్లాడేవాడు. ఎక్కడివాడని అమ్మమ్మ అడిగితే నేనే చెప్పాను. "మనకంటే దూరాన్నించే వచ్చాడన్నమాట" అని, లోపలికి వెళ్లి తను తెచ్చిన కట్టలోంచి నాలుగు తేగలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అతను తేగను తిప్పి చూశాడు. "తాల్" అన్నాడు.

"తాడే, తాడే" అంది అమ్మమ్మ, మాట కలిసినందుకు పొంగిపోతూ. మా క్యాంపు చుట్టుపక్కల తాడిచెట్టన్నదే లేదు మరి. ఆ ఊపులోనే, "పండగకి మీవాళ్లెప్పుడొస్తారో అడగరా" అంది నాతో. నేను కన్నడంలో అడిగాను.

అతను చేపలు తూచడం ఆపలేదు. తక్కెడలో ఇంకో పిల్లచేప వేసి, ముల్లు వైపు చూస్తూ చెప్పాడు.

"అల్లింద బస్సిల్ల."

ఏమన్నాడురా అని అమ్మమ్మ నన్ను గుచ్చిగుచ్చి అడిగింది. అక్కణ్నించి బస్సు లేదంటున్నాడని చెప్పాను. ఆవిడ ఇంకో నాలుగు తేగలు తేవడానికి లోపలికి వెళ్లింది.