రిపోర్టులో రెండో పంక్తి

ముక్క పరీక్ష రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మీరు మొదట వెతికేది ఒకే మాట: క్యాన్సరా, కాదా? అది సహజమే. అవునని తెలిశాక కళ్ళు ఇక ముందుకు సాగవు. కానీ చికిత్సకు దారి చూపేది దాని తర్వాతి పంక్తిలో ఉండే పేరు. స్వరపేటికలో బహు అరుదుగా కనిపించే అటువంటి ఒక పేరును గురించి ఈసారి మీతో మాట్లాడదలచాను.

స్వరపేటిక క్యాన్సర్లలో నూటికి 90కి పైగా స్క్వామస్ సెల్ కార్సినోమాలే. స్మాల్ సెల్ కార్సినోమా ప్రధానంగా ఊపిరితిత్తుల జబ్బు. స్వరపేటికలో దాని వాటా నూటికి ఒకటి కన్నా తక్కువ. ఇక్కడ కూడా అది పుడుతుందని 1972లో ఓలోఫ్సన్, వాన్ నోస్ట్రాండ్ అనే వైద్యులు వర్ణించారు. సూక్ష్మదర్శిని కింద దాని కణాలు చిన్నవిగా, ముదురు నీలంగా, ఒకదానినొకటి ఒత్తుకుంటూ కనిపిస్తాయి. కొన్ని గడ్డల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి. దానినే మిశ్రమ రకమంటాము. ఉద్యోగ కాలమంతా దీనిని పుస్తకాలలో చదవడమే గాని చూడలేదు. చూసింది పదవీ విరమణ తర్వాత, నాయుడుపేటలో, మా వీధిలోనే.

ఆయనకు అరవై దాటాయి. నలభై ఏళ్ళ బీడీ అలవాటు. మింగినప్పుడల్లా కుడి చెవిలో పోటు వస్తోందని రెండు నెలలుగా చెవిలో చుక్కల మందు వేసుకుంటున్నాడు. చెవి శుభ్రంగా ఉంది. మెడ తడిమితే దవడ కింద గట్టి బిళ్ళ తగిలింది. గొంతు చూపించుకోమంటే ఆశ్చర్యపోయాడు.

"మాట బాగానే వస్తోంది కదా సార్, గొంతు జబ్బు ఎట్లా అవుతుంది?"

పాఠకులారా, ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. మూడు వారాలు దాటిన బొంగురును అనుమానించమని మేమే ఊరూరా చెప్పాము. ఆ మాట నిజమే, కానీ అది స్వరతంత్రుల మీద పుట్టే గడ్డకు వర్తిస్తుంది. స్మాల్ సెల్ రకం ఎక్కువగా వాటికి పైభాగాన పుడుతుంది. అక్కడ గడ్డ చాలాకాలం మాటను చెడగొట్టదు. ఏదో అడ్డుపడినట్లుండటం, మింగితే నొప్పి, మెడలో బిళ్ళ, ఇవే దాని సూచనలు. స్వరపేటికకూ చెవికీ వేగస్ నరపు శాఖలే వెళ్తాయి గనుక గొంతులోని నొప్పి చెవిలో పలుకుతుంది.

ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఇంట్లో వారు పది రోజులు తటపటాయించారు. పాకదు. ఆ తటపటాయింపే ప్రమాదం. చివరకు తీయించుకున్నారు, స్క్వామస్ అని వచ్చింది. స్వరపేటికను తొలగించే శస్త్రచికిత్సకు మనసు కుదుటపరచుకుంటున్న సమయంలో మెడ బిళ్ళ నుండి సూదితో తీసిన నమూనాలో చిన్న కణాలు కనిపించాయి. మొదటి ముక్కను మళ్ళీ కోసి, సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ 56 అనే రంజకాలతో పరీక్షించారు. ఒక మూల ఆ కణాలే ఉన్నాయి. మిశ్రమ రకం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ముక్క అంటే గోరంత. ఆ గోరంతలో గడ్డ అంతా ఉండదు. చిన్న కణాలు పట్టుకారుకే నలిగి గుర్తుపట్టరాకుండా పోతాయి కూడా.

ఆ ఒక్క పేరుతో దారి మారింది. "కోసి పారేస్తే పోతుంది కదా సార్?" అన్నాడు ఆయన తమ్ముడు. పోదు. ఈ రకం కంటికి కనిపించేనాటికే రక్తం వెంట కాలేయానికో, ఎముకలకో ప్రయాణం కట్టి ఉంటుంది. కాబట్టి ఇక్కడ కత్తికి తొలి స్థానం లేదు. సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ అనే మందులతో కీమోథెరపీ, దానితోపాటు మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్. అంతకు ముందు ఛాతీకి సీటీ స్కాన్ తప్పనిసరి, ఊపిరితిత్తులలో పుట్టి ఇక్కడికి వచ్చిందేమోనని.

ఫలితాల విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. పాత సమీక్షలలో అయిదేళ్ళు బతికినవారు నూటికి 5గురే. ఆయనకు గడ్డ త్వరగానే కరిగింది, మెడ బిళ్ళ మాయమైంది. ఏడాదిన్నర తర్వాత కాలేయంలో తేలింది. ఆ ఏడాదిన్నరా అన్నం నోటితో తిన్నాడు, తన గొంతుతో మాట్లాడాడు, మనవరాలి పెళ్ళి మాటలు తానే కుదిర్చాడు. మొదటి పేరునే నమ్మి ఉంటే స్వరపేటిక పోయేది, జబ్బు మిగిలేది.

మన ఊరి నుండి పెద్దాసుపత్రి అంటే శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి, కాకపోతే చెన్నై. తిరుపతిలో స్విమ్స్ ఉంది. 2022 నుండి టాటా వారి చేయూతతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. చెన్నై అడయారులో 1954 నాటి క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎక్కడికి వెళ్ళినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుని వెళ్ళకండి. ముక్క తీసిన చోట గాజు స్లైడ్లు, మైనపు దిమ్మెలు భద్రపరచి ఉంటాయి. దరఖాస్తు రాసి ఇస్తే ఇస్తారు. దిమ్మెను ఎండ తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి, పేరూ నంబరూ రాసి తీసుకువెళ్ళండి. కొత్త చోట మళ్ళీ ముక్క తీయనక్కర లేకుండా అందులో నుండే పొరలు కోసి చూస్తారు.