వాల్వు ఎక్కడుంది?

మన ఇళ్లలో గ్యాస్ రెగ్యులేటర్ ఎటు తిప్పాలో పదేళ్ల పిల్లకి కూడా తెలుసు. కరెంటు మెయిన్ ఎక్కడుందో తెలుసు. నీళ్లు ఎక్కడ కట్టేయాలో మాత్రం ఇంటాయనకి తెలీదు. పైపు పగిలి వంటింట్లో నీళ్లు చిమ్ముతుంటే గుడ్డలు చుట్టేవాళ్లు, బకెట్లు అందించేవాళ్లు, ప్లంబరుకి ఫోన్ చేసేవాళ్లు నలుగురు పోగవుతారు. మేడ మీదికి పరుగెత్తి వాల్వు కట్టేసేవాడు ఒక్కడూ ఉండడు. ఒకవేళ పరుగెత్తినా, అక్కడ ట్యాంకు కింద ఏడెనిమిది పైపులు, వాటికి ఏడెనిమిది వాల్వులు. ఏది ఏ గదిదో రాసి ఉండదు. ఇల్లు కట్టినప్పుడు ఆ పైపులేసిన మనిషికి తెలుసు. ఆయనిప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో దేవుడికి తెలుసు.

అందుకే ప్లంబింగ్ గురించి ఎవరైనా సలహా అడిగితే ముందు పానా కొనమని చెప్పను. ఒక ఆదివారం పొద్దున్నే చిన్న పెయింటు డబ్బా, సన్న బ్రష్షు పట్టుకుని మేడెక్కమంటాను. ఒకరు పైన వాల్వు కట్టాలి, ఇంకొకరు కింద కుళాయిలు తిప్పి చూసి కేకేయాలి. "వంటింట్లో ఆగింది!" "బాత్‌రూంలో ఇంకా వస్తోంది!" వీధంతా వింటుంది, విననివ్వండి. గంట తిరిగేసరికి ఏ పైపు ఎక్కడికెళ్తోందో తేలిపోతుంది. 'వంటిల్లు', 'కింది బాత్‌రూం', 'గీజరు' అని పైపుల మీదే రాసేస్తే, రేపు మీరు ఊళ్లో లేనప్పుడు పక్కింటాయనకి ఫోన్లో చెప్పి కట్టించొచ్చు.

రాసి వదిలేస్తే చాలదు. రెండు మూడు నెలలకోసారైనా వాటిని మూసి తెరుస్తుండాలి. "సార్, ఇది మోకాలు లాంటిది. ఆడించకపోతే పట్టేస్తది" అన్నాడు మా ప్లంబరు. పాత ఇత్తడి గేట్ వాల్వుల విషయంలో ఇది మరీ నిజం. లోపలి బిళ్ల దిగే గాడిలో ఉప్పు పేరుకుంటుంది. అవసరం పడ్డ రోజున బలంకొద్దీ తిప్పితే కాడ విరిగి చేతికొస్తుంది. ఇప్పటి ఇళ్లలో ప్లాస్టిక్ బాల్ వాల్వులు వస్తున్నాయి. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చూడగానే తెలిసిపోతుంది, అది సుఖం. కానీ ఆ పిడి ఏళ్ల తరబడి ఎండలో ఉండి పెళుసెక్కుతుంది. దాని మీద ఏ పాత గోనెసంచో కప్పినా మేలే.

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లకి రెండు రకాల నీళ్లు. నల్లాలో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు, అవీ చాలాచోట్ల రోజు విడిచి రోజు. అవి చాలకపోతే బోరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే గతి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. ఆ 600 కూడా దాటే బోర్లున్నాయి. ఈ నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్నది కాస్తా తెల్లటి సున్నంలా విడిపోయి అంటుకుంటుంది. గీజరు కాయిల్ చుట్టూ అదే, షవర్ కన్నాల్లో అదే.

వంటింటి కుళాయిలో ధార సన్నబడగానే "ప్రెషర్ పంపు పెట్టించాలి" అని నిర్ణయాలైపోతుంటాయి. అంత దూరం వెళ్లకముందు కుళాయి మూతికి బిగించి ఉండే చిన్న జాలీ విప్పి చూడాలి. తడిగుడ్డ చుట్టి చేత్తో తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. లోపల ఏముంటుందనుకున్నారు? తెల్లటి పొక్కులు, ఇసుక రేణువులు, ఎప్పుడో పైపు కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ రజను, ఒక్కోసారి టెఫ్లాన్ టేపు ముక్క. జాలీని గిన్నెలో పెట్టి వెనిగర్ పోస్తే సన్నగా నురగ లేస్తుంది. రాత్రంతా నాననిచ్చి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, రబ్బరు వాషరు పోకుండా మళ్లీ బిగిస్తే ధార మామూలుగా వస్తుంది. నిమ్మరసమైనా పని చేస్తుంది.

పై అంతస్తు షవర్ సంగతి వేరు. నీటి ఒత్తిడి ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో ఒత్తిడి. ట్యాంకు నెత్తి మీదే, రెండు మీటర్ల పైన ఉంటే అందులో అయిదో వంతు. హోటల్లో చూసి ముచ్చటపడి తెచ్చిన పళ్లెమంత షవరు ఆ ఒత్తిడికి ఏడ్చినట్టు కారుతుంది. ఇది ప్లంబరు తప్పు కాదు. ట్యాంకుని దిమ్మె కట్టి పైకి లేపాలి, లేదా చిన్న షవరుతో సర్దుకోవాలి.

కారే కుళాయి మీద మాత్రం మనకి ఉండాల్సినదానికన్నా ఎక్కువ కోపం. సెకనుకో చుక్క చొప్పున లెక్కేస్తే, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, రోజుకి నాలుగు లీటర్ల పైచిలుకు. వాషరు మార్చాల్సిందే కానీ కొంప మునిగిపోదు. కారేది పాత రకం కుళాయి అయితే కారణం తరచూ ఇంట్లోనే ఉంటుంది: కట్టేటప్పుడు ఒళ్లంతా బలం పెట్టి బిగించే మనిషి. రబ్బరు వాషరు అలాగే నలిగి చస్తుంది. అసలు దొంగ ఫ్లష్ ట్యాంకు. చప్పుడు లేకుండా రాత్రింబగళ్లు కమోడులోకి కారుస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే రాత్రి అందరూ పడుకున్నాక ఆ ట్యాంకులో బట్టలకి వాడే నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ అటు పోనివ్వకూడదు. కమోడులో నీలి చార కనిపించిందంటే అడుగు రబ్బరు అరిగిపోయినట్టే.

వంటింటి సింకు పూడుకుంటే చాలామంది చెయ్యి ముందు యాసిడ్ సీసా మీదికే పోతుంది. పైపు పాడవుతుంది, పొగ కళ్లలో పడుతుంది, తర్వాత విప్పడానికొచ్చిన ప్లంబరు చేతులు కాల్తాయి. సింకు కింద గుండ్రంగా వేలాడే ట్రాప్ చేత్తోనే విప్పుకోవచ్చు. కింద బకెట్టు పెట్టి అడుగు మూత తిప్పితే గంజి, నూనె జిడ్డు, టీ పొడి, కొబ్బరి పీచు కలిసిన నల్లటి ముద్ద పడుతుంది. వాసన భరించాలి. ఇంకో జాగ్రత్త: ఆ బకెట్టు నీళ్లని అలవాటుగా పైనున్న సింకులోనే పోసేవాళ్లున్నారు. నీళ్లు తిన్నగా పాదాల మీదికే వస్తాయి.

ట్రాప్ లోపల ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉండేది డ్రైనేజీ కంపుని, బొద్దింకల్ని ఆపడానికే. చుట్టాలొస్తే తప్ప వాడని బాత్‌రూంలో ఎండాకాలం ఆ నీరు ఆవిరైపోతుంది. ఫినాయిల్ మీద ఫినాయిల్ పోస్తారు కానీ, నేల మీది జాలీలో రెండు చెంబుల నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది.

ఇక కొత్తగా ఇల్లు కట్టించేవాళ్లకి. గీజరు లైనుకి సీపీవీసీ పైపే వేశారో లేదో చూసుకోండి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. టైల్స్ అతికించకముందు ప్రతి బాత్‌రూం గోడకీ టేపు ఆనించి, కొలతలు కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. గృహప్రవేశమైన నెలకి టవల్ రాడ్ బిగించే కుర్రాడు డ్రిల్లు పట్టుకుని వస్తాడు. "అన్నా, ఇక్కడ పైపేమన్నా ఉందా?" అని అడుగుతాడు. "లేదనుకుంటా" అంటారు ఇంటివాళ్లు. ఆ మాటకి నాలుగు టైల్సు పగలాలి, ఒక సాకెట్ పడాలి, రోజు కూలి ఇవ్వాలి. అవే టైల్సు మళ్లీ దొరకవు. కాస్త పాతబడ్డ ఇళ్లకి వెళ్తే బాత్‌రూం గోడ మీద నడుమెత్తున వేరే రంగు ముక్కలు కనిపిస్తుంటాయి, వాటి మీద వేలాడుతూ టవలు.