మూడో అంతస్తుకి ఎక్కని సామాను

పాత ఇల్లు విడిచి అపార్టుమెంటుకి వెళ్లేవాళ్లకి అందరూ ఒకే సలహా ఇస్తారు. "వాడేవి ఉంచుకోండి, వాడనివి ఇచ్చెయ్యండి" అని. వినడానికి బాగానే ఉంటుంది. పర్లాకిమిడిలో మూడు తరాలుగా ఉంటున్న పెంకుటింటి నుంచి బరంపురంలో రెండు పడక గదుల ఫ్లాట్‌లోకి మారవలసి వచ్చినప్పుడు, ఆ సలహా సగం దూరమే తీసుకెళుతుందని తెలిసింది.

మొదటి సగం కొలతల పని. భోషాణం పొడవు 5 అడుగులు, వెడల్పు 3 అడుగులు. లిఫ్టు తలుపు రెండున్నర అడుగులు. మెట్ల మలుపులో అది తిరగదు. పందిరి మంచం వేస్తే గదిలో మనిషి నడవడానికి చోటుండదు. ఉయ్యాల బల్లకి పాత ఇంట్లో దూలాలున్నాయి. ఇక్కడ శ్లాబు. కాంక్రీటు పోసినప్పుడే ఊచలకి కొక్కేలు కట్టి ఉండాలని, తరవాత కన్నం పెట్టి బిగించినవాటిని నమ్మి పిల్లల్ని ఊపవద్దని మేస్త్రీ చెప్పాడు.

వడ్రంగి ఒక్కొక్కటే తట్టి చూశాడు. అలమర కాళ్ల దగ్గర సన్నని పొడి రాలుతోంది. లోపల పురుగుంది, కొత్తింటికి తేవద్దన్నాడు. పందిరి మంచాన్ని మాత్రం ఒక్క ఇనప మేకు లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చి బిగించారట. పూటలో విప్పి, పూటలో నిలబెట్టవచ్చు. మా అబ్బాయి కొన్న చెక్కపొట్టు బల్లని ఒకసారి విప్పితే ఆ మరలు మళ్లీ పట్టవు. పాతది బరువే గాని ప్రయాణానికి అదే నయం!

ఇక రెండో సగం. ఆ మంచం మా నాయనమ్మకి పుట్టింటివారు పెట్టిన సారె. టెక్కలి నుంచి చిన్న రైల్లో వచ్చింది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర అడుగుల పట్టాల బండి అది. 2004లో ఆ బండి ఆగిపోయింది, కొన్నేళ్ల తరవాత పెద్ద పట్టాల మీద రైలు వచ్చింది. మంచం అమ్మేద్దామని నేనన్న మాట అప్ప చెవిన పడింది. ఫోనులోనే నిలదీసింది.

"ఒరే తమ్ముడూ, మనిద్దరం పుట్టింది ఆ మంచం మీదేరా. దానికి వెల కడతావా?"

"పోనీ నువ్వు తీసుకెళ్లు అప్పా" అన్నాను.

"నాకు మాత్రం చోటెక్కడిది?" అంది. అప్పదీ అపార్టుమెంటే.

భోషాణం ఖాళీ చేసిన రోజు అసలు చిక్కు ఎదురైంది. అడుగున తాతగారి పద్దు పుస్తకాలు, అన్నీ తెలుగులో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మా తాతగారు ఉండిపోయారు. నాన్నగారి పద్దులు సగం తెలుగు, సగం ఒడియా. నావి ఇంగ్లీషు. మా మనవడు అట్టల మీది అక్షరాలు చూసి, "ఇవి ఎలా చదవాలి తాతా?" అన్నాడు. వాడికి తెలుగు మాట వచ్చు, రాత రాదు. భోషాణాన్ని వాడు 'సిందుకొ' అంటాడు, ఉయ్యాలని 'దోళి' అంటాడు. తప్పేమీ లేదు, బడి ఒడియా, కోడలు ఒడియా. పీటని మాత్రం వాడు 'పిఢా' అన్నా, నేను పీట అన్నా ఒకటే చుట్టం.

అందుకని వాడుకకి తోడు మరో ప్రశ్న వేసుకున్నాను. ఈ వస్తువు దగ్గర ఇకముందు ఎవరైనా కూర్చుని మాట్లాడతారా? భోషాణం దగ్గర ఎవరూ మాట్లాడరు, దాని కడుపులోవే మాట్లాడతాయి. పద్దు పుస్తకాలు ఇనప బీరువాలో పై అరకి చేరాయి. భోషాణం ఊళ్లో గుడికి వెళ్లింది, ఉత్సవ సామాను దాచడానికి. మంచం ఇచ్ఛాపురంలో సొంత ఇల్లున్న మేనకోడలికి పంపాం. పురుగు పట్టిన అలమర పొయ్యిలోకి పోయింది. పీటలు నాలుగూ, కత్తిపీటా మా ఆవిడ ఎవరినీ అడక్కుండానే మూట కట్టేసింది.

ఉయ్యాల బల్ల ఉంచుకున్నాం. అట్లతద్దికి మా అమ్మాయిలు దాని మీదే ఊగారు. రజొ పండగ మూడు రోజులూ మా కోడలికి అది కావాలి. రెండు పండగలకీ పనికొచ్చే సామాను ఇంట్లో మరొకటి లేదు. ఇనప స్టాండు చేయించి బాల్కనీలో కట్టాం. అక్కడ కూర్చుని రోజుకొక పేజీ చొప్పున తాతగారి పద్దులు మనవడిచేత కూడబలికిస్తున్నాను. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, రైలు చార్జీ. అక్షరాలు నేర్పడానికి ధరవరలు మంచి పాఠమే. నిన్న 'అణా' దగ్గర ఆగి, అంటే ఏమిటన్నాడు.

హోసూరులోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో మీ ఇళ్లలో ఈ సామానుకి వేరే పేర్లుండవచ్చు. బేరగాడు వచ్చేలోపు ఆ పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. చెక్కకి వెల కట్టేవాళ్లు చాలామంది దొరుకుతారు.

అప్ప ఇంతవరకూ మా కొత్తింటికి రాలేదు. మంచం ఇచ్ఛాపురంలో నిలబెట్టాక చూసి వచ్చిందని మాత్రం మేనకోడలు చెప్పింది.