కాంతిని పట్టే బంగారం

పిల్లలూ! రెండు రేకు డబ్బాలు తీసుకోండి. ఒకదానికి పైన దీపపు మసి పూయండి. రెండవదాన్ని తళతళలాడేట్టు తోమండి. రెండింటిలోనూ సమంగా నీరు పోసి ఎండలో పెట్టండి. గంట తరువాత చూస్తే మసి డబ్బాలోని నీరే ఎక్కువ వేడిగా వుంటుంది. ఎండ ఒక్కటే, కాని మసి దాన్ని పట్టుకున్నది, మెరిసే రేకు తిప్పికొట్టింది. నేను బడిలో ఏటా ఈ ప్రయోగం చేయించేవాణ్ణి. ఇదే సూత్రంతో శాస్త్రజ్ఞులు కాన్సరుకు చికిత్స వెతుకుతున్నారని చదివి ఎంతో సంతోషించాను.

చర్మపు కాన్సరులో కొన్ని కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. వేడి పెడితే అవి చస్తాయి. కాని పక్కనున్న మంచి చర్మం కూడా కాలుతుంది గదా! చిక్కంతా ఇక్కడే వుంది. రోగమున్న చోట మాత్రమే మసి పూయగలిగితే?

ఆ మసి పని బంగారం చేస్తుంది. నగల బంగారం పచ్చగా వుంటుంది. అతి సూక్ష్మమైన రేణువులుగా నీటిలో కలిస్తే కెంపురంగు చూపుతుంది. ఈ సంగతిని 1857లో లండనులో మైకేల్ ఫారడే వివరించాడు. రేణువు ఆకారం మారిస్తే, అది పట్టే కాంతి కూడా మారుతుంది.

చీకట్లో టార్చిలైటును అరచేతికి ఆనించండి. అవతలికి ఎర్రని వెలుగే వస్తుంది. ఎరుపుకు ఆవల, కంటికి కనబడని కాంతి ఒంట్లోకి ఇంకా లోతుగా పోతుంది. దాన్ని పట్టడానికి బంగారాన్ని బుల్లి కడ్డీలుగా చేశారు. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ కడ్డీ పొడవు సుమారు 50 నానోమీటర్లే!

అమెరికాలోని అట్లాంటా నగరంలో, ఈజిప్టులో పుట్టిన ముస్తఫా ఎల్-సయ్యద్, ఆయన సహచరులు 2008లో ఎలుకలపై దీన్ని పరీక్షించారు. చర్మంలోనూ, నోటిలోనూ పుట్టే ఒక జాతి కాన్సరు గడ్డలలోకి కడ్డీలు ఎక్కించి, లేసరు కాంతి ప్రసరింపజేశారు. కొన్ని గడ్డలు పూర్తిగా మాయమైనాయి, అన్నీ కాదు.

కనుక ఇది ఇంకా అందరికీ ఇచ్చే వైద్యం కాదు. ఆ బంగారం ఒంట్లో ఎక్కడ, ఎంతకాలం నిలుస్తుందో బాగా పరీక్షించాలి. నేటికీ చర్మపు కాన్సరుకు ముఖ్యమైన చికిత్స శస్త్రచికిత్సే. త్వరగా కనిపెడితే చాలావరకు నయమవుతుంది.

మీ కళ్ళు చురుకైనవి. తాతగారికో, నాయనమ్మకో వారాల తరబడి మానని పుండుగాని, రంగూ ఆకారమూ మారుతున్న మచ్చగాని కనబడితే ఊరుకోకండి. డాక్టరుగారి వద్దకు పోదామని పట్టుబట్టండి. ఆ పని మీరు ఈనాడే చేయగలరు!