వఫాదారీయా, రిప్‌టైడా

శుక్రవారం అస్ర్ నమాజ్ అయ్యాక నెల్లూరు నుంచి మైపాడు పోవడం మా ఇంటి దస్తూర్. అమ్మీ అక్కడే ఉంటుంది. మా పన్నెండేళ్ల వాడికి మాత్రం దాదీ కంటే దాదీ ఇంటి వరండా ముఖ్యం. కువైట్‌లో ఉన్న చాచాతో మైన్‌క్రాఫ్ట్ ఆడేది అక్కడే. తమ్ముడికి వారంలో సెలవు ఆ ఒక్కరోజే. ఇక్కడ ఆరు కొడితే అక్కడ మూడున్నర.

మొన్న వాడికి ట్రైడెంట్ దొరికింది. ఆ ఆటలో కత్తిలాగా దాన్ని తయారు చేసుకోలేం. నీళ్లలో తిరిగే ‘డ్రౌన్డ్’ అనేవాళ్లలో కొందరి చేతుల్లో ఉంటుంది. వాళ్లను చంపితే ఎప్పుడో అరుదుగా పడుతుంది.

“డ్రౌన్డ్ అంటే ఏందిరా?” అంది అమ్మీ.

“నీళ్లలో మునిగి చచ్చిపోయినోళ్లు దాదీ.”

“తౌబా తౌబా! మునిగి పోయినోళ్లు షహీద్‌లురా. వాళ్లని కొడతారా?”

సముద్రం ఒడ్డున బతికిన మనిషి, ఆమె బాధ ఆమెది. వాడు నవ్వలేదు, అదే నాకు ఖుషీ.

ఇక అసలు పంచాయతీ. ఆయుధానికి మంత్రశక్తి ఎక్కించాలంటే ఎన్‌చాంటింగ్ బల్ల కావాలి, ఆటలో సంపాదించిన అనుభవం ఖర్చు పెట్టాలి, లాపిస్ లాజులీ రాయి పెట్టాలి. (ఆ లాజులీ మా ఉర్దూ మీడియం ఉస్తాద్ చెప్పిన లాజవర్దే. నా బడి చదువు మా వాడికి పనికొచ్చిన ఏకైక సందర్భం.) కత్తికి షార్ప్‌నెస్ పెడితే స్మైట్ కుదరదు. మొదటిది ఎవరినైనా కోస్తుంది, రెండోది జాంబీలు, అస్థిపంజరాల వంటి చచ్చి లేచినవాళ్ల మీదే గట్టిగా పనిచేస్తుంది. ట్రైడెంట్‌కూ అంతే. లాయల్టీ పెడితే విసిరింది తిరిగి చేతికొస్తుంది. రిప్‌టైడ్ పెడితే ట్రైడెంట్‌తో పాటు మనిషే దూసుకుపోతాడు, అదీ నీళ్లలోనో వానలోనో మాత్రమే. రెండూ కలిసి ఉండవు.

“లాయల్టీ అంటే వఫాదారీ. అదే పెట్టు బేటా,” అన్నాను.

“చాచా రిప్‌టైడ్ అన్నాడు. విసిరి ఎదురుచూడ్డం ఎందుకు, మనమే పోవచ్చు కదా అన్నాడు.”

నాకు చురుక్కుమంది. అబ్బా జనాజాకు తమ్ముడు రాలేకపోయాడు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గరుంది, చుట్టీ దొరకలేదు. ఆ రాత్రి ఫోన్‌లో “పోయినవాడివి పోయినట్టే ఉండు” అన్నాను. మాటలతో బతికే జర్నలిస్టుని, వెనక్కి తీసుకోలేని మాట అదొక్కటే అని కాదు, కానీ అది మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. ఆ తర్వాత వాడు నాతో ఖైరియత్ తప్ప ఏమీ మాట్లాడడు. మాట్లాడేదంతా పిల్లాడితోనే.

“తప్పయితే గ్రైండ్‌స్టోన్ మీద తీసేయొచ్చులే అబ్బా. ఖర్చయిన అనుభవం మాత్రం కొంచెమే తిరిగొస్తుంది,” అన్నాడు వాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

రిప్‌టైడే పెట్టాడు. ఇక వాన కోసం కాచుకున్నారు ఇద్దరూ. బయట మైపాడులో ఆకాశం పొడిగా ఉంది. కువైట్ సంగతి చెప్పక్కర్లేదు. ఆటలో మబ్బు పట్టింది.

“చాచా, వానొచ్చింది! ఎక్కడున్నావ్?”

స్పీకర్‌లో తమ్ముడి గొంతు: “నీ వెనకాలే ఉన్నాను రా. మీ అబ్బా పక్కనే ఉన్నాడా?”

పిల్లాడు ఫోన్ నా చేతికిచ్చాడు. ఏ బొత్తాం నొక్కాలో నాకు తెలియదు.

“ఉన్నాను,” అన్నాను. “ఎట్టా ఎగరాలో చెప్పు.”