కార్డు నిండిపోయిన పెళ్లి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక ఉన్నప్పుడు చదవండి. ఇందులో పేర్లు రాయట్లేదు. "మా పెళ్లి గురించి రాసుకో గానీ పేర్లు, ఫోటోలు మాత్రం పెట్టొద్దు" అని వదిన ముందే చెప్పింది. అందుకే ఇది ఫోటోల గురించి రాసిన పోస్టే అయినా ఒక్క ఫోటో కూడా ఉండదు.

నేను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. ఆదివారాలు, ముహూర్తాల రోజులు ఒక ఫోటో స్టూడియోకి వెళ్తా. మొదట్లో లైట్లు మోయడమే పని. తర్వాత కెమెరా పట్టుకోనిచ్చారు. అన్న మా హాస్టల్లో నాకు సీనియర్. ఇప్పుడు కైకలూరు దగ్గర చేపల ప్యాకింగ్‌లో చేస్తున్నాడు. కొల్లేరు చెరువుల చేప ఐసు పెట్టెల్లో బెంగాల్, అస్సాం వైపు లారీల్లో పోద్ది కదా, ఆ లెక్కలు రాసే పని. వదిన ఏలూరులో నర్సింగ్ చదివింది. వాళ్లది బుట్టాయగూడెం వైపు, అన్నది వేలేరుపాడు వైపు. ఇద్దరూ కోయలే.

సినిమాల్లో హీరో ముందు ఐ లవ్ యూ చెప్తాడు, తర్వాత ఇంటిపేరు తెలుస్తుంది. మనోళ్లకి అలా కుదరదు. అన్న వదినని మొదటిసారి అడిగింది "మీది ఏ గట్టు?" అని. మాలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అలా ఉంటాయి, ఒకే గట్టు వాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క. వేరే గట్టు అని తేలాక వారం రోజులు మనిషి నేల మీద లేడు.

ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆటపాకలో ప్రపోజ్ చేస్తన్నా. కెమెరా పట్టుకుని రా. దానికి చెప్పకు." నేను స్టూడియోలో అడిగి కెనాన్ 1500డి తీసుకుని, గూడెంలో ప్యాసింజర్ ఎక్కి ఏలూరులో దిగి, అక్కడి నుంచి బస్సులో కైకలూరు వెళ్లా. ఆటపాక ఊరికి దగ్గరే. చూడనివాళ్లు చలికాలంలో ఒకసారి వెళ్లండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు కొల్లేరులో నిలిచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. ఆ నీళ్లని నమ్ముకుని ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సు ఇది. ఆటపాకలో చెట్ల మీదే కాదు, ఫారెస్టు వాళ్లు వేసిన ఇనప స్టాండ్ల మీద కూడా గూడబాతులు గూళ్లు పెట్టుకుంటాయి.

ముగ్గురం పడవ ఎక్కాం. నన్ను "పక్షుల ఫోటోలు తీసుకోవడానికి వచ్చాడు" అని చెప్పాడు. నేను లెన్స్ గూళ్ల వైపు పెట్టి నటిస్తున్నా. స్టాండ్ల దగ్గరకి వచ్చాక అన్న రీల్స్‌లో చూసినట్టు ఒక మోకాలి మీద కూర్చోబోయాడు. పడవ ఒక పక్కకి ఒరిగింది. పడవాయన కేకేశాడు. "బాబూ, కూర్చోవయ్యా! ఏం పడిపోయిందో ఒడ్డుకెళ్లాక వెతుక్కుందువు గానీ!" వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే జేబులోంచి ఉంగరం తీసి చూపించాడు. వదిన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చిన్నగా అంది. "ఉంగరం జేబులో పెట్టుకో. ముందు మీ పెద్దోళ్లని మా మామ దగ్గరకి పంపు. ఆళ్లు ఒప్పుకుంటే నేను ఎప్పుడో ఒప్పుకున్నట్టే."

నాకు దొరికిన ఫోటోలో అన్న వీపు, నవ్వుతూ మొహం కప్పుకున్న వదిన చెయ్యి, వెనక ఇద్దరినీ చూస్తున్న ఒక గూడబాతు ఉన్నాయి. ఫోకస్ గూడబాతు మీద ఉంది.

పెద్దోళ్లు వెళ్లారు, మాట్లాడుకున్నారు. పెళ్లి మే నెలలో, అన్న వాళ్ల ఇంటి దగ్గర. ఇల్లు అంటే ఇప్పుడు జంగారెడ్డిగూడెం వైపు పోలవరం నిర్వాసితుల కాలనీలో ఉంది. అన్న వాళ్ల నాన్న ఒక మాట అంటుంటాడు. 2014కి ముందు ఆయన ఖమ్మం జిల్లావాడు. తర్వాత పశ్చిమగోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు. "మేం కదల్లేదు, జిల్లాలే కదిలాయి. ఆఖరికి మమ్మల్నీ కదిపారు" అని.

అన్నకి పెళ్లి "రస్టిక్ థీమ్"లో కావాలి. ఎడ్లబండి, లాంతర్లు, తాటాకులు, మట్టి కుండలు, చేటలు. మా స్టూడియోకి వచ్చేవాళ్లు కూడా ఇదే అడుగుతారు. గూడెంలో ఏసీ హాలులో తాటాకు గుడిసె సెట్టు వేసి దాని ముందు నిలబడతారు. అన్న ఒక డెకరేషన్ అతన్ని అడిగితే నలభై వేలు చెప్పాడు. ఆ మాట వాళ్ల అవ్వ చెవిన పడింది. "తాటాకు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఎప్పుడు స్లాబు వేస్తామా అనుకున్నాం. ఇప్పుడు స్లాబు కింద కూచుని తాటాకుకి నలభై వేలు ఇస్తావంట్రా?" అంది. అన్న మళ్లీ థీమ్ మాట ఎత్తలేదు.

పందిరికి నేరేడు కొమ్మలు కావాలి. కాలనీలో వరసగా ఇళ్లే గానీ కొమ్మ నరుక్కునేంత చెట్టు లేదు. మా పాత ఊళ్లో అయితే పిల్లోణ్ణి పంపితే అరగంటలో తెచ్చేవాడని ఆడవాళ్లు అనుకుంటున్నారు. చివరికి ఆడపెళ్లివాళ్లే బుట్టాయగూడెం వైపు నుంచి ట్రాక్టర్లో కొమ్మలు వేసుకొచ్చారు. నీలం టార్పాలిన్ కింద ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో పచ్చగా నేరేడు పందిరి.

ఇక నా సంగతి. రోహిణి కార్తె ఎండ. పదకొండుకే రోడ్డు మెరిసిపోతోంది. అలాంటి వెలుగులో కెమెరాని ఆటోలో వదిలేస్తే వెనక తెల్లదనం చూసి మన మొహాలు బొగ్గులా తీస్తుంది. మొహం మీద కొలత పెట్టి, వెనకది తెల్లబోయినా పర్లేదు అనుకోవాలి. పందిరి కింద నేరేడాకుల పచ్చ మొహాల మీద పడుద్ది, దానికి రంగు సరిచేసుకోవాలి. ఇవన్నీ నాకు వచ్చు. వచ్చు అన్న పొగరుతోనే పొద్దున్నుంచి తీస్తూనే ఉన్నా. థీమ్ లేకపోయినా నా బుర్రలో థీమ్ ఉంది. చేట, కుండ, రోకలి, పసుపు చేతులు, ముసలమ్మ కాళ్ల కడియాలు. ఒక్కో కుండకి ఇరవై ఫోటోలు. రా, జేపెగ్ రెండూ పడేలా పెట్టా. 32 జీబీ కార్డు ఒక్కటే ఉంది. ఎనిమిది వందల చిల్లరతో నిండిపోద్దని లెక్క తెలిసి కూడా చూసుకోలేదు.

మావాళ్లలో ఇప్పుడు తాళి అందరూ కడుతున్నారు. కానీ అవ్వ లాంటి వాళ్లకి పెళ్లి అయ్యింది అనడానికి గుర్తు నీళ్లు. పెళ్లికూతురు తల వంచుకుంటుంది, పెళ్లికొడుకు ఆమె మీదకి వంగుతాడు. అతని తల మీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు జారి ఆమె తల మీద పడితే ఇద్దరూ ఒకటైనట్టు. బిందె ఎత్తారు. నేను అందరికంటే ముందుకి దూరి మోకాళ్ల మీద కూర్చుని నొక్కా. "కార్డ్ ఫుల్."

నొక్కా, మళ్లీ నొక్కా. కుండల ఫోటోలు తీసేద్దామని మెనూలోకి వెళ్లేసరికి పైన కేకలు, నవ్వులు, నా మీద చల్లగా నీళ్ల చుక్కలు. అయిపోయింది. జేబులో ఫోన్ ఉన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

పోసిన పెద్దాయన దగ్గరకి వెళ్లి "తాతా, ఫోటో కోసం ఇంకొక్కసారి" అన్నా. స్టూడియో పెళ్లిళ్లలో తలంబ్రాలు మళ్లీ పోయిస్తాం, అదే అలవాటు. ఆయన కోప్పడలేదు. "రెండోసారి పోస్తే అది స్నానం అవుద్దిరా" అన్నాడు.

చుట్టూ ఫోన్లు ఉన్నాయి కదా అని అందరివీ అడిగి చూశా. ఒకదాంట్లో బిందె అడుగు, ఒకదాంట్లో ఎవరిదో మోచెయ్యి. మూడింట్లో నా వీపు. నేను తీయలేదు సరే, తీసేవాళ్లకి కూడా అడ్డం ఉన్నా.

సాయంత్రం ఆ విషయం అన్న వాళ్ల అమ్మకి చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏం అనకుండా లోపలికెళ్లి ఒక ఫ్రేము తెచ్చింది. అద్దం ఉంది, అద్దానికి అంటుకుని రంగు మరకలు ఉన్నాయి, మనుషులు లేరు. భద్రాచలంలో స్టూడియోలో దిగిన వాళ్ల పెళ్లి ఫోటో. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు, వీళ్లు బియ్యం, మేకలు తీసుకుని గుట్ట ఎక్కారు. ఫోటోలు ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టారు. అటక కూడా మునిగింది. "మా ఇద్దరిదీ అదొక్కటే. అందుకే వీడి పెళ్లికి మంచి ఫోటో కావాలన్నా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని కుండలన్నీ వదిలేసి చూస్తే, మెనూలో పది ఫోటోలు తీసేశాక పడిన మొదటి ఫోటో కనిపించింది. నీళ్లు పోసిన నిమిషానికి తీసింది. వదిన కొంగు పిండుకుంటోంది. అన్న చెవిలో నీళ్లు పోయి తల వంచి గెంతుతున్నాడు. వెనక వాళ్లమ్మ ఖాళీ బిందె నడుం మీద పెట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతోంది. కింద నేల తడి.

దాన్ని ఎడిట్ చేసేటప్పుడు ఇంకో తప్పు చేశా. స్టూడియోలో అందరికీ వేసే ప్రీసెట్ ఒకటుంది, మొహం తెల్లగా, నున్నగా వచ్చేస్తుంది. చెయ్యి అలవాటుగా అదే నొక్కింది. వదినకి పంపితే "ఫోటో బాగుంది తమ్ముడూ. ఈ పెళ్లికూతురు ఎవరు?" అని మెసేజ్ పెట్టింది. సిగ్గేసింది. మన రంగుని నేనే చెరిపేసి అందంగా చేశా అనుకున్నా. అదంతా తీసేసి ఉన్న రంగు ఉన్నట్టు ఉంచా.

పన్నెండు ఇంటూ పద్దెనిమిది సైజులో ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, జూన్‌లో కాలనీకి తీసుకెళ్లా. అన్న వాళ్లమ్మ స్టూలు ఎక్కి స్లాబుకి ఆనుకునేంత పైన మేకు కొట్టమంది. "అంత పైనైతే సరిగ్గా కనపడదు కదమ్మా" అన్నా. ఆమె గోడ కింద నుంచి పై దాకా చూసి, "ఇక్కడికి నీళ్లు రావులే. చెయ్యి అలా పోయింది" అంది. కానీ మేకు మాత్రం అక్కడే కొట్టించింది.

గ్రూపులో కెమెరా ఉన్నవాళ్లు, మంచి ఫోన్ ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ సెలవులకి ఇంటికి వెళ్తే కుండల్ని, చేటల్ని తర్వాత తీయొచ్చు, ముందు మనుషుల్ని తీయండి. అడిగి తీయండి, ఉన్న రంగులో తీయండి. ఫోన్లో ఉంచకుండా ప్రింటు వేయించి, వెనక పేరు, ఊరు, తేదీ రాసి వాళ్ల చేతికి ఇవ్వండి. మీ వైపు పెళ్లిలో పెళ్లి అయ్యింది అనడానికి గుర్తు ఏంటో కామెంట్లో రాయండి, నేర్చుకుంటా.

రెండో కార్డు కొన్నా. ఎవరిదైనా పెళ్లుంటే చెప్పండి, వస్తా. పక్కన నిలబడి తీస్తా.