బస్తర్ దువ్వెన, పార్లర్ ఇస్త్రీ

బస్తర్ మురియా గోండుల ఘోటుల్ అనే యువతీయువకుల ఉమ్మడి ఇంట్లో అమ్మాయిలు అబ్బాయిల తల దువ్వేవారు. అబ్బాయిలు చెక్క దువ్వెనలు చెక్కి ఇచ్చేవారు. వాటిని కొప్పులో వరసగా గుచ్చుకోవడం అమ్మాయిలకు ఓ దర్జా. వెరియర్ ఎల్విన్ 1947 నాటి పుస్తకంలో ఇదంతా ఉంది. తలను అప్పగించడమంటే, మరి, చనువున్నవాళ్లకే.

ఇప్పుడు బస్తర్ పట్టణం జగ్దల్‌పూర్‌లోనూ తల అప్పగించేది పార్లర్లకే.

అక్కడ జుట్టు సాపు చేసే స్ట్రెయిట్‌నర్లు చాలావరకు 200 డిగ్రీలు దాటుతాయి. నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి కదా! తడి జుట్టు మీద ఆ పలకలు నొక్కితే వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. అక్కడే పుటుక్కున తెగుతుంది. మాడిన కెరటిన్‌ను, అంటే వెంట్రుకలోని ప్రొటీన్‌ను, ఏ సీరమూ బతికించలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లు రేటు అడుగుతారు గానీ, వేడి ఎంత పెట్టారని అడగరు. పనితెలిసిన స్టైలిస్ట్ మాత్రం జుట్టు పూర్తిగా ఆరిందో లేదో చూశాకే ప్లగ్గు పెడుతుంది, సన్నజుట్టుకు వేడి తగ్గిస్తుంది.